మామా చేతి ఖర్జూరం

అరబ్బు దేశంలో, సాల్మియాలో బద్రియా మామా అని మేం పిల్చే యజమానురాలి ఇంట్లో పనికి చేరేటప్పుడు నా మనసులో ఉండింది ఒకటే. ఆ ఇంటికి ఏదో ఒక చెడుపు చేసి రావాల. ఏం చెడుపో, ఎట్ల చేయాల్నో అప్పటికి నాకే తెలీదు.

ఎండాకాలం మొదలు. అంతవరకు జహ్రాలో నేను చూసుకుంటాండిన ముసలామె కాలం చేసింది. వాళ్ళింటోళ్ళు మంచోళ్ళు. ‘యాడ కావాలంటే ఆడ చేరు, రిలీజ్ కాగితం ఇస్తాం’ అన్నారు. ఆ దినాల్లోనే మా చెల్లెలు మద్దమ్మను సాల్మియా ఇంటోళ్ళు వీసా ఫినిష్ కొట్టి ఊరికి తోలేసినారు.

మా ఇంట్లో ఆడోళ్ళలో మద్దమ్మకున్నంత జుట్టు ఎవురికీ లేదు. జడ అల్లేదానికి ఒక మనిషి సాయం కావాల. అట్లాంటిది గుండుతో ఊర్లో దిగింది. ఎవురడిగినా, ‘విమానం దిగి నేరుగా కొండకు పోయి సామికి తలనీలాలిచ్చి వచ్చినా’ అని చెప్పింది. ఊరోళ్ళు దణ్ణం పెట్టి ప్రసాదం అడిగినారంట. ప్రసాదం యాడ తెస్తాది? రాయచోటి బస్టాండుకాడ మిఠాయంగట్లో లడ్లు కొని, చిదిపి పంచి పెట్టింది.

జరిగిందేందో నాకు ఒక్కదానికే ఫోన్లో చెప్పింది. ఆ ఇంట్లో మామా కూతురు నూఫ్ ఫెర్రెట్లని ఏవో జంతువులు సాకుతాంది. మూడు ఉండెనంట. ఒక దినం మధ్యాన్నం లూలూ అనేది ఉన్నట్టుండి వెనక కాళ్ళు ఈడ్చి, నోట్లో నురగ కక్కి, గిలగిలా కొట్టుకొని సచ్చిపోయింది. అప్పుడు మద్దమ్మ బాత్రూం కడుగుతాంది. చేతిలో క్లోరాక్స్ బ్లీచింగు సీసా ఉంది. మామా ఆ సీసాను చూసింది, సచ్చిన దాన్ని చూసింది. ఇంగేం అడగలే. బట్టలు కుట్టే కత్తెర తెచ్చింది.

“కూతురు నా చేతులు రెండూ వెనక్కి పట్టుకుండె అక్కా. ఆయమ్మ కత్తిరిచ్చె. ఒక తావ ఉంచి ఒక తావ కత్తిరిచ్చింటే, ఊర్లో దిగే ముందు మంగలోనికాడ కూర్చుని మొత్తం తీపిచ్చుకున్నా,” అనింది మద్దమ్మ.

ఏడ్వలే. ఏడ్చింటే బాగుండు.

ఆ ఇంటి డ్రైవరు రామాంజనేయులన్న మా రాయచోటి పక్కోడే. మద్దమ్మ నాకు చెల్లెలని ఆ ఇంట్లో తెలిసినోడు ఆయప్ప ఒక్కడే. మామాకు కొత్త మనిషి కావాలంటే నన్ను చూపియ్యమని నేనే అడిగినా. జహ్రా నుంచి నన్ను కారులో తీసుకొస్తా దారి పొడుగునా చెప్తానే ఉన్నాడు.

“పగ పెట్టుకొని పోయిన ఇంట్లో కూడు ఒంటబట్టదు మ్మే. చెల్లెలు ప్రాణంతో ఇల్లు చేరింది. దేవుడు మంచోడనుకో.”

“నువ్వు కారు నడుపన్నా,” అంటి.

ఆ ఇంట్లో పనిమనిషి ఎవురైనా సరే పేరు మేరీ. మన పేర్లు మామాకు నోరు తిరగవు. మద్దమ్మా మేరీనే, నేనూ మేరీనే. అదీ మంచిదే అనుకున్నా. పేరే పట్టని మనిషికి మొగంలో పోలిక యాడ కనపడ్తాది?

బద్రియా మామా స్కూల్లో టీచరమ్మ. ఎండాకాలం సెలవులు కాబట్టి ఇంటిపట్టునే ఉండె. మొగుడు విడాకులిచ్చి అహ్మదిలో వేరే సంసారం పెట్టుకున్నాడు, ఆయిలు కంపెనీలో పెద్ద ఇంజనీరంట. మామాకు మిగిలింది కూతురొక్కటే. కూతురు లేచిందా, తినిందా, నవ్విందా, అదే ధ్యాస ఆమెకు.

మామా నన్ను నేరుగా ఫెర్రెట్ల గదికి పిల్చుకపోయింది. ఏసీ చలికి ఒళ్ళు జలదరించింది. రెండుండాయి. పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు, మా చేన్లలో తిరిగే ముంగిసలకు డబ్బున్న దాయాదుల మాదిరి. మట్టిరంగుది బన్, తెల్లది ఫుల్లా. గదంతా ఒక రకం గబ్బు వాసన.

“ఇవి నా బిడ్డ ప్రాణం,” అనింది మామా. “ముందుండిన మేరీ ఒకదాన్ని విషం పెట్టి చంపింది. నువ్వు అట్లాంటిదానివి కాదని డ్రైవరు రాము చెప్పినాడు.”

“అట్లాంటిదాన్ని కాదు మామా,” అంటి, తల వంచుకొని.

ఆ మర్నాడు బాత్రూం కడిగేటప్పుడు అదే సీసా నా చేతిలోకొచ్చింది. గది తలుపు తీసే ఉంది. బన్ పాకుతా వచ్చి నా కాలి మెట్టె కొరుకుతా కూర్చుంది. మూత తీస్తే సాలు, పాలలో రవంత కలిపితే సాలు. ఆమె ఏడ్చేది నేను కండ్లారా చూడొచ్చు.

సీసా మళ్ళా బీరువాలో పెట్టేసినా. జాలి కలిగి కాదు. ఇప్పుడు ఇంగొకటి సస్తే, పనోళ్ళే సంపుతారన్న ఆమె మాట నిజమైపోతాది. మద్దమ్మ చేయని పనిని నేను చేసి, దాన్ని మా చెల్లెలి నెత్తిన రుద్దినట్టయితాది. అట్ల కాదు, లూలూ ఎట్ల సచ్చిందో ముందు తెలుసుకోవాల అనుకున్నా.

తెలుసుకునేదానికి ఎక్కువ దినాలు పట్టలే.

ఫుల్లా మాంసం ముట్టేది కాదు. నూఫ్ జమియా అంగడి నుంచి తెప్పిచ్చే కోడి ముక్కలు గిన్నెలోనే ఎండిపోతాండె. దాని బొచ్చు తోక కాడ పల్చబడింది. ఒకదినం వెనక కాళ్ళు ఈడుస్తా నడిచేసరికి నూఫ్ బెదిరిపోయి, దాన్ని తడిగుడ్డలో చుట్టి, నన్ను తోడు పిల్చుకొని షువైఖ్‌కు పోయింది. గ్యారేజీల వెనక సందులో ఉండాది ఆ పశువుల ఆస్పత్రి. కారు దిగి తలుపుదాకా పోయేలోపలే ఎండకు నాకే కండ్లు తిరిగినాయి.

డాక్టరు మిస్రీ అరబ్బాయన. నూఫ్‌తో అరబ్బీలో బిరబిరా మాట్లాడతాంటే నాకు సగం పట్టలే. పక్కన ఫుల్లాను పట్టుకున్న పెద్దాయన నా బొట్టు చూసి, “తెలుగోళ్ళాండీ?” అన్నాడు. పేరు వెంకటరాజు, అంబాజీపేట మనిషి. చానా ఏండ్లుగా ఆ ఆస్పత్రిలోనే పని. డాక్టరు చెప్పేది నాకు తెలుగులో చెప్తా పోయినాడు.

“వీటికి మాంసం, గుడ్డు, కొవ్వు తప్ప ఇంకోటి పెట్టకూడదండి. పేగు బాగా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేద్ది. పిండీ, పండూ, పంచదారా అరిగించుకునే ఏర్పాటే లేదండి లోపల. ఈ బుజ్జిదానికి ఎవరో రోజూ తీపి అలవాటు చేశారండి. అందుకే మాంసం మొహం చూట్టం లేదు.”

“తీపి తింటే ఏమయితాది?”

“మనకి షుగరు ఎక్కువవుద్దా? వీటికి ఉన్నట్టుండి పడిపోద్దండి. కొన్నాళ్ళు బానే ఉంటాయి. తర్వాత కాళ్ళు ఈడుస్తాయి. ఆపైన నోట్లోంచి చొంగ, నురగ, గిలగిలా కొట్టుకోడం. చూసినోళ్ళేమో ఎవరో మందు పెట్టేశారనుకుంటారు. ఎన్ని చూశానండి ఇలాంటివి.”

ఇంగొకతూరి చెప్పమని అడిగినా. ఆయప్ప మళ్ళా అదే చెప్పినాడు.

నూఫ్ డాక్టరు ముందర ప్రమాణం చేస్తాంది, ఇంట్లో ఎవురూ తీపి పెట్టరని. చెప్తా చెప్తా నా పక్క తిరిగి చూసింది. మద్దమ్మ పక్క కూడా ఇట్లనే చూసింటుందని నాకు అర్థమైంది.

కార్లో అడిగింది. “మేరీ, నువ్వేనా?”

“నేనొచ్చి ఎన్నాళ్ళయింది? ఎన్నాళ్ళ నుంచో ఉండే అలవాటని డాక్టరు చెప్పలేదా?”

అద్దంలో రామాంజనేయులన్న కండ్లు నన్ను చూసి మళ్ళా రోడ్డు మీదికి పోయినాయి.

ఆ పొద్దు నుంచి వాటి మేత పని నేను మీదేసుకున్నా. వెంకటరాజు చెప్పినట్టే చేసినా. పచ్చి కోడి మెడలు ఎముకతో సహా కత్తితో కొట్టి, అందులో గుండెకాయ, కార్జం కలిపేదాన్ని. ఉడకబెట్టిన ఎముక మాత్రం పెట్టకూడదు, పుల్లలుగా విరిగి గొంతుకు గుచ్చుకుంటాది. ఉప్పు లేదు, అన్నం లేదు, పాలు లేవు. రవంత రవంతగా మాటిమాటికి పెట్టాల. బన్ మొదటి దినమే లాగేసుకొని సోఫా కిందికి పోయింది. ఫుల్లానే మొండి. గుడ్డు పచ్చసొన వేలికి పూసి దాని పెదాలకు రాసేదాన్ని. అది చీదరగా నాక్కొని, నాక్కొని, తర్వాత ఇంగా కావాలన్నట్టు నా వేలు పట్టుకునేది. దాని మీద నాకు ప్రేమేం లేదు. ఒళ్ళు బాగుపడే జంతువును ఎవురన్నా మళ్ళా చెడగొడ్తే, ఆ చెడగొట్టేది ఎవురో తెలుస్తాదని చేసినా.

తెలిసింది కూడా. పొద్దునంతా బాగా తినిన ఫుల్లా, మూడో జాము దాటినాక మాంసం ముట్టేది కాదు. ఆ యాళకు నూఫ్ ఇంగ్లీషు క్లాసుకు పోయుంటాది. మామా అసర్ నమాజు చేసుకొని హాల్లో టీ తాగుతాది. నన్ను లోపలికి పొయి ఇస్త్రీ చేసుకోమంటాది.

ఒకదినం ఇస్త్రీపెట్టె వేడెక్కనిచ్చి, వంటింటి తలుపు సందులోంచి చూసినా.

మామా సోఫాలో కాళ్ళు మడిచి కూర్చోని ఉంది. ఫుల్లా ఆమె ఒడిలో. ఖర్జూరం గింజ తీసి, మీగడలో ముంచి, చిన్న ముక్కలు తుంచి దాని నోటికి అందిస్తాంది. అది రెండు చేతులతో ఆమె వేలు పట్టుకొని నాకతాంది. “నా బంగారూ, నా ప్రాణమా, నీకు వట్టి మాంసమే పెడ్తాండారా వీళ్ళు?” అని బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడతాంది. ఒకటయినాక ఇంగొకటి తుంచింది. టీలో బిస్కెట్టు నాన్చి బన్‌కూ పెట్టింది.

ఆమె మొగం నేను ఎప్పుడూ అంత మెత్తగా ఉండంగా చూడలే. ఆ మెత్తని చేత్తోనే లూలూను సంపింది. ఆ చేత్తోనే మా చెల్లెలి జుట్టు కత్తిరిచ్చింది.

నాకు సంతోషం పొంగుకొచ్చింది. గుడ్డ కాలిన వాసన వచ్చేదాకా ఆడే నిలబడిపోయినా.

రామాంజనేయులన్నకు చెప్తే, “ఇంకేం మరి. పాపతో చెప్పేయ్,” అన్నాడు.

“చెప్తే ఏమయితాదన్నా? తల్లి మాటొక పక్క, పనిమనిషి మాటొక పక్క. ఎవురిది నిలబడ్తాది? ఆ పిల్ల తన కండ్లతో చూడాల.”

“ఆ పాపకు పరీక్షలు. క్లాసు అయిపోయేదాకా ఆ యాళకు ఇంటికి రాదు.”

“అయిపోనీ.”

“అంతవరకు ఆ నోర్లేనిదానికి తీపి పెడ్తాంటే చూస్తా ఉంటావా మ్మే? అదేం చేసింది నిన్ను?”

“మద్దమ్మ ఏం చేసింది?” అంటి.

ఆయప్ప కారు తుడుచుకుంటా పోయినాడు.

ఆ దినాల్లోనే ఒకతూరి మామా తలకు గోరింటాకు పెట్టమనింది. కుర్చీలో నాకు వీపు పెట్టి కూర్చుండె. జుట్టు పల్చన, నడినెత్తిన నెరిసింది. పాయలు తీస్తా తీస్తా ఆ జుట్టంతా నా పిడికిట్లోకి వచ్చింది. పక్కన బల్ల మీద కత్తెర ఉంది, బహుశా అదే కత్తెర. మామా కండ్లు మూసుకొని, “నీ చేయి మంచిది మేరీ. నిద్రొస్తాంది,” అనింది.

పిడికిలి వదిలి గోరింటాకు పూసినా. జుట్టు మళ్ళా మొలుస్తాది. ఒకసారి పోతే ఆమెకు మళ్ళా మొలవనిది ఏదో నాకు అప్పటికే తెలుసు.

నూఫ్ నాతో చనువుగా ఉండబట్టింది. బన్ బొచ్చు నిగనిగలాడతాంది, అదంతా నా చేతి గుణమని ఆ పిల్ల నమ్మకం. ఫుల్లా మాత్రం ఎందుకు తేరుకోలేదో ఆమెకు అంతుబట్టలే. “మధ్యాన్నం ఏం పెడ్తాండావు?” అని అడిగేది. “నేను పొద్దున పెట్టిందే, మళ్ళా మాపు పెట్టేదే. మధ్యలో నా చేతిలో ఉండవు అవి,” అనేదాన్ని. అంతవరకే చెప్పి ఊరుకునేదాన్ని.

పరీక్షలైన మర్నాడు నూఫ్ స్నేహితురాలింటికని బయల్దేరింది. మూడో జాముకు నేను రామాంజనేయులన్నకు ఫోన్ చేసినా.

“పాపను ఇప్పుడే తీసుకురా అన్నా. ఫుల్లాకు బాగలేదని చెప్పు. వెనక తలుపు తీసిపెడ్తా.”

“నిజంగా బాగలేదా?”

“అది చూసుకోవాల్సింది పాప.”

“సరే,” అన్నాడు.

నూఫ్ చెప్పులు చేత్తో పట్టుకొని వంటింట్లోకి వచ్చింది, చెమటకు తడిసిపోయి. తలుపు సందు కాడ నుంచి పక్కకు జరిగినా.

ఆ పిల్ల చూస్తా నిలబడింది. హాల్లో మామా నవ్వుతాంది. ఫుల్లా ఆమె వేళ్ళ మధ్య నుంచి ఖర్జూరం ముక్క లాక్కుంటాంది.

నూఫ్ తలుపు తోసుకొని పోయింది. మామా ఉలిక్కిపడి చేయి ముసుగు చాటుకు పెట్టుకుంది, దొంగతనంగా తింటాండిన పిల్ల మాదిరి.

“డాక్టరు వద్దన్నాడని నీకు చెప్పినా గదా,” అనింది నూఫ్.

“ఒకటే. ఒక్కటే ఒక్కటి. అది అడుగుతాందే, పాపం. రోజూ ఆ పచ్చి మాంసం ఎట్ల తింటాది?”

“లూలూకు కూడా పెట్టేదానివా?”

“దానికి ఇంగా ఇష్టం,” అనింది మామా. అనినాక ఆమెకే ఏదో తగిలినట్టుంది. చేతిలో ముక్కను పళ్ళెంలో పెట్టేసింది.

నేను వంటింటి గడప కాడ నుంచి, “లూలూ ఎట్ల సచ్చిందో డాక్టరును అడుగు నూఫ్. నురగ, గిలగిలా కొట్టుకునేది, అంతా చెప్పి అడుగు,” అంటి.

నూఫ్ ఆడనే నిలబడి ఫోన్ చేసింది. డాక్టరు ఏమన్నాడో నాకు ఇనపడలే. ఆ పిల్ల మాత్రం ‘ఊ, ఊ’ అంటా గోడకు ఆనుకొని, మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఫోన్ పెట్టేసి తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

“నేను పట్టుకున్నా,” అనింది. “మామా, ఆ మేరీ చేతులు నేనే పట్టుకుంటి.”

మామా లేచి నిలబడింది. కోపమంతా నా మీదికి తిప్పింది. “నీకెందుకు ఇదంతా? ఎవురు నిన్ను చూడమన్నారు?”

“మద్దమ్మ నాకు చెల్లెలు మామా.”

“మద్దమ్మ ఎవురు?”

ఆ మాటకు నేను సిద్ధపడలే. ఇంట్లో చేసిన మనిషి. ఆమె బట్టలుతికిన మనిషి. ఆమె కాళ్ళు పట్టిన మనిషి.

“నీ ఇంట్లో మేరీ,” అంటి. “నువ్వు జుట్టు కత్తిరిచ్చిన మేరీ. ఆమెకు వాళ్ళమ్మ పెట్టిన పేరు మద్దమ్మ. నేను ఆమె అక్కను.”

బన్ సోఫా కిందినుంచి వచ్చి పళ్ళెంలో మిగిలిన ముక్కకాడికి పోతాంటే, నూఫే లేచి ఆ పళ్ళెం ఎత్తుకొని పొయి చెత్తడబ్బాలో కుమ్మరిచ్చింది.

“ఖలాస్,” అనింది మామా నాతో. “సామాను సర్దుకో.”

“నేను నాయన కాడికి పోతాండా. మేరీ పోతే ఇంగ ఎప్పటికీ రాను,” అనింది నూఫ్. వెంటనే దిద్దుకుంది. “నీ పేరేంది?”

“వెంకటేశ్వరి.”

రెండు మూడు తూర్లు నోట్లో తిప్పింది గానీ రాలే.

మాపటికి బన్‌నూ ఫుల్లానూ బోనులో పెట్టుకొని అహ్మదికి తండ్రి కాడికి పోయింది. మెడలు ఎట్ల కొట్టాల్నో, గుడ్డు ఎట్ల పెట్టాల్నో నాకాడ అడిగి నేర్చుకొని పోయింది. పోయేముందు తల్లితో ఒక్క మాటే అనింది. “నువ్వు ఈమె చెల్లెలిని అడుగు, నన్ను క్షమించమని. ఆమె సరేననిందని నేను ఇనాల. ఆ పొద్దు వస్తా. నేను కూడా అడుక్కుంటా.”

కారు పోయినాక మామా చానాసేపు గేటుకాడనే నిలబడింది, ఆ ఉక్కలో.

నేననుకున్నది నాకు దొరికింది. ఆ ఇంట్లో ఇంగ ఇద్దరమే. మామా అసర్ కాగానే అలవాటుగా టీ పెట్టమనేది. టీతో పాటు ఖర్జూరాల పళ్ళెం కూడా తెచ్చి ఎదురుగా పెట్టేదాన్ని, అడగకపోయినా. ఆమె ముట్టేది కాదు. నేను తీసేదాన్ని కాదు. కూతురికి ఫోన్ చేస్తే తండ్రి ఎత్తేవాడు, అంతా బాగుందని చెప్పి పెట్టేసేవాడు. ఫుల్లా మందులతో, మాంసంతో కాళ్ళమీద నిలబడిందని, బన్ లావెక్కిందని రామాంజనేయులన్న చెప్పేవాడు నాకు. మామాకు చెప్పమని నన్ను అడిగినాడు. నేను చెప్పలే.

ఆ ఏడు రంజాన్ ఆగస్టు చివర్లో వచ్చింది. నెల పట్టేముందు వాళ్ళు ఒకరినొకరు క్షమాపణలు అడుక్కుంటారు. చుట్టాలు ఫోన్లు చేస్తానే ఉండారు, మామా ‘నువ్వు కూడా నన్ను క్షమించు, నువ్వు కూడా’ అని అందరికీ చెప్తానే ఉంది. అందరితో ఐపోయినాక వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. చిక్కిపోయింది మనిషి.

“నీ చెల్లెలి నంబరియ్యి.”

“దాని ఫోన్ చెడిపోయింది మామా.”

మర్నాడు మళ్ళా అడిగింది. ఇంగా బాగుచేపీలేదని చెప్పినా. ఆ మర్నాడు నా చేయి పట్టుకుంది. అప్పుడు నా ఫోన్ తీసి నేనే నంబరు నొక్కినా.

మద్దమ్మ ఎత్తింది. వెనక కోళ్ళు అరిచేది, ఎవురో బోరింగు కొట్టేది కూడా ఇనపడ్తాంది. అంత బాగుంది లైను.

“మామా మాట్లాడ్తాదంట,” అని చెప్పి ఫోన్ ఆమె చేతికిచ్చినా.

మామా రెండు చేతుల్తో పట్టుకొని, గొంతు తగ్గించి, గోడ పక్కకు తిరిగి అనింది. “సామిహీనీ. నాది తప్పు. నువ్వు చంపలేదు. నన్ను క్షమించు.” మద్దమ్మకు ఆ ఇంట్లో వచ్చిన అరబ్బీకి ఇది ఎక్కువేం కాదు. మామా కాసేపు ఇని, ఫోన్ నాకిచ్చింది. “ఏమీ అనలేదు,” అనింది.

నేను తీసుకున్నా. “ఇన్నావా?”

“ఇన్నా.”

“ఆమె కూతురు ఇల్లిడిచి పోయింది మద్దమ్మా. అహ్మదిలో వాళ్ళ నాయన కాడ ఉంది. నువ్వు సరే అంటేనే ఇంటికొస్తానని పంతం మీద ఉండాది.”

“నేను సరే అనకపోతే?”

“రాదంట.”

బోరింగు చప్పుడు ఆగింది. మద్దమ్మ ఆలోచిస్తాంది. చిన్నప్పటి నుంచి అది ఎవురి మీదా గొంతెత్తి ఎరగదు. మామా నా మొగంలోకి చూస్తాంది, ఇద్దరిలో ఎవురు ఏమంటారో పట్టుకుందామని.

“అక్కా,” అనింది మద్దమ్మ, చానా మెల్లగా. “ఇనపళ్ళేదని చెప్పు.”

“లైను బాగలేదంట మామా,” అంటి. “ఇనపళ్ళేదంట. గట్టిగా చెప్పాల.”

మామా మళ్ళా ఫోన్ తీసుకుంది. ఈసారి గోడ పక్కకు తిరగలే. నడింట్లో నిలబడి, పక్కింటోళ్ళకు ఇనపడేంత గట్టిగా అరిచింది. ఫోన్ నాకిచ్చి ఆశగా చూసింది.

“ఇంగా ఇనపళ్ళేదు,” అనింది మద్దమ్మ నా చెవిలో. “రేపు చేయమను.”